అక్వేరియంకి హోల్ పెట్టించాలా, అంచుకి తగిలించే బాక్స్ చాలా?

కొత్తనీరు:
నాలుగడుగుల ట్యాంక్ కొన్నాను, ఇంకా నీళ్లు పోయలేదు. కింద సంప్, అంటే ఫిల్టర్, పంప్ ఉండే రెండో తొట్టి, పెడదామని ఉంది. నీళ్లు దిగడానికి ఒక హోల్, పంప్ నుంచి పైకి రావడానికి ఇంకొకటి పెట్టించమని ఒకరన్నారు. కొత్త గాజుకి డ్రిల్ పెట్టాలంటే చేతులు రావడం లేదు. అంచుకి తగిలించి, వంపు గొట్టంతో (యూ గొట్టం) నీళ్లని అంచు దాటించి కిందికి దింపే ఓవర్‌ఫ్లో బాక్స్ సరిపోదా?

గాజుగోడ:
సరిపోతుందండి. నేను ఆరేళ్లుగా బాక్స్‌తోనే నడుపుతున్నాను, నేల మీద చుక్క పడలేదు. నెలకోసారి యూ గొట్టం కడుగుతాను, అంతే. గాజుకి ఒకసారి హోల్ పడ్డాక మళ్లీ పూడ్చలేం. పైగా చాలా ట్యాంకులకి అడుగున టెంపర్డ్ గాజు (వేడిచేసి గట్టిపరిచినది) ఉంటుంది. దానికి డ్రిల్ తగిలిందా, మొత్తం పలక ముక్కలైపోతుంది.

వాననీరు:
గాజుగోడ గారూ, నాకూ మూడేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. గొట్టం వంపులో అప్పటికే గాలి బుడగలు చేరాయి కాబోలు, సైఫన్, అంటే ఆ వంపు మీదుగా నీళ్లని లాగే ధార, మళ్లీ అందుకోలేదు. పంప్‌కి ఆ సంగతి ఏం తెలుస్తుంది? సంప్‌లో నీళ్లు పైకి తోస్తూనే ఉంది. తెల్లవారుజామున మంచం దిగితే పాదాలకి చల్లగా నీళ్లు తగిలాయి. చెక్క స్టాండు అడుగంతా ఉబ్బిపోయింది.

బాక్స్‌ని తప్పుపట్టడం లేదు. సైఫన్ తీరే అంత, మధ్యలో గాలి నిండితే తెగిపోతుంది. హోల్ ఉన్న ట్యాంక్‌లో నీటిమట్టం నీళ్లు దిగే గొట్టం మూతి దాటితే నీళ్లు వాటంతట అవే దిగుతాయి, మట్టం తగ్గితే ఆగుతాయి, కరెంటు రాగానే మళ్లీ మొదలవుతాయి. ఊళ్లో లేనప్పుడు కూడా నిశ్చింతగా ఉండొచ్చు.

అయితే దిగే గొట్టం ఒక్కటే ఉండకూడదు. ఒక నత్త అడ్డం పడితే మళ్లీ అదే వరద. రెండు పెట్టండి. ఒకటి గేట్ వాల్వ్‌తో సరిచేసుకుని నిండుగా పారేది, రెండోది కాస్త ఎత్తులో, వాల్వ్ లేకుండా, అత్యవసరానికి ఖాళీగా ఉండేది. దీన్నే హెర్బీ పద్ధతి అంటారు. నిండుగా పారే గొట్టంలో గాలి ఉండదు కాబట్టి గురగుర చప్పుడూ ఉండదు.

గాజుగోడ:
మీ ఇల్లు తడిసింది హోల్ లేక కాదు, లెక్క తప్పి. 120 × 45 సెంటీమీటర్ల ట్యాంక్‌లో పైన 2.5 సెంటీమీటర్లు ఖాళీ ఉంచితే 13.5 లీటర్లు పడతాయి. పంప్ ఉన్న అరలో అంతకంటే తక్కువ నీళ్లుంటే సైఫన్ తెగినా ఏమీ పొర్లదు.

వాననీరు:
లెక్క నిజమే, హోల్ ఉన్నా అది వేసుకోవాల్సిందే. కరెంటు పోయినప్పుడు పైనుంచి దిగే నీళ్లకి సంప్‌లోనూ చోటుండాలి. కానీ నేల తడవకపోయినా నీళ్లు అయిపోయిన పంప్ వట్టిగా తిరిగి పాడవుతుంది. ఆ అరలోనే హీటర్ ఉంటే అదీ నీళ్లలోంచి బయటపడుతుంది. పోనీ ఇదంతా వదిలేయండి, ఫిల్టర్‌కి నీళ్లు అందకపోతే చేపల గతేంటి?

పచ్చనాచు:
రిటర్న్‌కి (పంప్ నుంచి పైకి వచ్చే గొట్టానికి) కూడా హోల్ పెట్టించేయండి, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ వేస్తే చాలు. అంచు మీద గొట్టాలు కనపడకపోతే ట్యాంక్ అందమే వేరు.

వాననీరు:
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. కరెంటు పోగానే రిటర్న్ గొట్టం వెనక్కి లాగుతుంది, గొట్టం మూతి ఎంత లోతులో ఉంటే అంతవరకూ నీళ్లు సంప్‌లోకి దిగుతాయి. చెక్ వాల్వ్ రెక్కలో కాస్త నాచు ఇరుక్కున్నా అది మూసుకోదు. రిటర్న్ అంచు మీదుగా తెచ్చి, మూతి నీటిమట్టానికి అంగుళం లోతులోనే ఉంచండి. మట్టం మూతి దిగువకి రాగానే గాలి పీల్చుకుని ఆగిపోతుంది. అందం కోసం ఆ ధీమా వదులుకోవద్దు.

కొత్తనీరు:
ఏ గాజు టెంపర్డో తెలుసుకుందామని ఎల్‌సీడీ మానిటర్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, ట్యాంక్‌ని దాని ముందుంచి, పోలరైజ్డ్ కళ్లద్దాలు తిప్పుతూ చూశాను. అడుగు గాజులో వరసగా మచ్చలు కనిపించాయి. వెనక గాజులో ఏమీ లేవు.

గాజుగోడ:
అయితే అడుగు టెంపర్డే, దాన్ని ముట్టుకోకండి. పెట్టించాలనే ఉంటే వెనక గాజుకే. నా ఓటు ఇంకా బాక్స్‌కే.

వాననీరు:
వెనక గాజు అయితే ధైర్యంగా పెట్టండి. ముందు బల్క్‌హెడ్ (హోల్‌లో నీళ్లు కారకుండా గొట్టాన్ని బిగించే అమరిక) కొని, దాన్ని కొలిచాకే డైమండ్ బిట్ తెచ్చుకోండి. ఒక అంగుళం బల్క్‌హెడ్ అంటే హోల్ అంగుళం కాదు, అంతకంటే చాలా పెద్దది. గాజు అంచుకీ హోల్‌కీ మధ్య కనీసం హోల్ వెడల్పంత దూరం వదలండి. హ్యామర్ మోడ్ ఆపి, స్పీడ్ తగ్గించి, నీళ్లు ధారగా పోయిస్తూ డ్రిల్ బరువుతోనే దిగనివ్వండి. సుద్దనీళ్లలా తెల్లగా కారుతూ ఉంటే పని సరిగ్గా సాగుతున్నట్టే. చివర్లో తొందరపడితే అవతలి వైపు అంచు చిట్లుతుంది. బల్క్‌హెడ్ రబ్బరు వాషర్ ట్యాంక్ లోపలి వైపు రావాలి. నట్టు చేత్తో బిగించి, పైన పావు చుట్టు చాలు.