కారు దొరికింది, రేటు పడిపోయింది

పోయిన కారు 19 రోజులకు దొరికింది. స్టీరింగ్ కింద కవర్ ఊడదీసి వైర్లు బయటికి లాగేశారు. వెనక సీట్లో ఎవరిదో ఒంటి చెప్పు! రిపేరు ఖర్చుకు ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకున్నారు. కానీ కొనడానికి వచ్చినాయన "దొంగలెత్తుకెళ్లిన బండా?" అంటూ రేటు బాగా దించేశాడు. ఈ తగ్గిన విలువ ఎవరిస్తారండీ?

జవాబు: సొంత పాలసీలో మామూలుగా రాదండీ. వాళ్లు బండి బాగు చేయిస్తారు, అంతే. అమ్మకం ధర పడిపోవడాన్ని చాలా పాలసీల్లో మినహాయింపుల కిందే రాస్తారు, ఆ పేజీ ఓసారి చూడండి. దొంగ దొరికితే వాడి మీద పరిహారం అడగొచ్చు గానీ, వాడి దగ్గర ఏముంటుంది లెండి.

ఇంకో జవాబు: మాదీ ఇలాగే దొరికింది. నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ చూడకముందే లోపలంతా కడిగించేసి తప్పు చేశా. మీరు ముందు ఫోటోలు తీయండి. లాక్‌లు మార్పించమని కూడా అడగండి, దొంగ దగ్గర ఇంకో తాళం ఉంటే? గేర్‌బాక్స్, ఎర్రర్ కోడ్‌లు (బండి కంప్యూటర్‌లో నమోదయ్యే లోపాలు) చెక్ చేయించి, ఆ రిపోర్టు చేతికొచ్చాకే ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టండి.

అడిగినవారు: సంతకం రేపే పెట్టమన్నారు! ఆపేస్తా. క్లెయిమ్ డబ్బు మొత్తం ఇచ్చేశాక దొరికి ఉంటే?

జవాబు: అప్పుడు బండి సాధారణంగా ఇన్సూరెన్స్ వాళ్లదే. చెప్పుతో సహా.