మాఘమాసంలో సీతాకోకచిలుకలు: ఎక్కడ వెతకాలి, ఎలా ఫొటో తీయాలి?

మిద్దెతోట (కడప)

అందరికీ నమస్కారం. పోయిన అక్టోబరులో, వానలు వెలిసిన తరువాత, మా వీధి చివర ఖాళీ స్థలంలో గడ్డి చామంతి పూల మీద వాలే సీతాకోకచిలుకలను చూసి ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. అప్పట్లో గంట సేపు నిలబడితే పది పన్నెండు రకాలు కనిపించేవి. సంక్రాంతి దాటాక ఆ స్థలమంతా ఎండిపోయింది. అందుకని గత మూడు ఆదివారాలు పాలకొండల అంచున ఒక వంక వెంబడి ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట దాకా తిరిగాను. కనిపించినవి ఎక్కడా వాలవు. నేను వెంటపడేలోపు కంపచెట్ల మీదుగా అవతలికి దాటిపోతాయి. చివరికి నాకు మిగిలినవి రెండు వందల మసక ఫొటోలు, అరికాలిలో రెండు ముళ్లు.

మరొక సందేహం. చెట్టు కింద ఎండుటాకుల్లో అడుగు వేస్తే ఒక ఆకు లేచి, నాలుగు గజాల దూరంలో వాలి, మళ్లీ ఆకైపోయింది. అతి కష్టం మీద తీసిన ఫొటోలో రెక్క మీద కన్నులా కనిపించే మచ్చ (కంటి మచ్చ) ఒక్కటి కూడా లేదు. అది ఏ రకమో చెప్పగలరా? నా దగ్గర మామూలు డిజిటల్ కెమెరా, దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే 70-300 లెన్సు ఉన్నాయి. చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సు కొనే స్తోమత ఇప్పట్లో లేదు.

వంకదారి (సిద్ధవటం)

మీరు చూసిన ఆకు కామన్ ఈవెనింగ్ బ్రౌన్ అయి ఉండాలి. వానకాలంలో పుట్టిన వాటి రెక్కల అడుగువైపు వరుసగా కంటి మచ్చలు ఉంటాయి. వానలు లేని కాలంలో పుట్టేవాటిలో అవి దాదాపు చెరిగిపోయి, రెక్క మొత్తం ఎండుటాకు రంగుకు వస్తుంది, పైగా ఏ రెండూ ఒకేలా ఉండవు. అది పగలంతా ఆకుల్లో కదలకుండా కూర్చుని, పొద్దుగూకే వేళ తిరుగుతుంది. పీకాక్ పాన్సీ అనే రకంలోనూ ఇదే మార్పు కనిపిస్తుంది. అక్టోబరు ఫొటోలను పక్కన పెట్టుకుని ఇప్పటి వాటిని పోల్చి చూస్తే ఇవి వేరే జాతులేమో అని ఎవరైనా పొరపడతారు, నేనూ రెండేళ్లు పొరపడ్డాను.

ఇక మీ అసలు ప్రశ్న. మన సీమలో ఈ రోజుల్లో సీతాకోకచిలుకల కోసం వెతకడం అంటే పూల కోసం వెతకడం కాదు. వాటి పిల్లలు, అంటే గొంగళిపురుగులు, ఏ మొక్క ఆకు తింటాయో ఆ మొక్కను, తడి ఎక్కడ మిగిలిందో ఆ చోటును వెతకాలి. తంగేడు దగ్గర ఓపికగా కూర్చుంటే ఎమిగ్రెంట్లు అనే రకాలు గుడ్లు పెట్టడానికి తామే వస్తాయి. ముళ్ల కంపల మీద పాకిన ఆదొండ తీగ కనిపిస్తే పయొనీర్ అనే తెల్ల రకం, దాని చుట్టాలు అక్కడ తిరుగుతుంటాయి. గాడిదగడపాకు చేల గట్ల మీద నేలబారుగా పెరుగుతుంది. ఎర్రటి ఒంటితో, నల్లటి రెక్కల మీద ఎర్ర మచ్చలతో ఉండే క్రిమ్‌సన్ రోజ్ గుడ్లు పెట్టే మొక్కల్లో అదీ ఒకటి. మామిడి కొమ్మ మీద బదనిక పట్టి ఉంటే తోటవాళ్లు తిట్టుకుంటారు గాని, మనకు మాత్రం కామన్ జెజెబెల్ చిరునామా దొరికినట్టే. దాని అందమంతా రెక్కల అడుగువైపు పసుపు, ఎరుపు రంగుల్లోనే ఉంది.

తడి సంగతికి వస్తే, వంకలో నీళ్లు ఇంకిపోయినా ఎవరో ఒకరు ఇసుకలో చెలిమ తవ్వుకుని ఉంటారు. దాని అంచున తడి ఇసుక మీద మగవి గుంపుగా చేరి, నీటితో పాటు ఉప్పును పీల్చుకుంటాయి. ఆడవాటికి ఆ లవణాలు జతకట్టే సమయంలో అందుతాయి. ఒకసారి పీల్చడం మొదలుపెట్టాక అవి అంత తొందరగా లేవవు. మీరు చెలిమకు నాలుగైదు అడుగుల దూరంలో, ఎండకు ఎదురుగా మీ నీడ వాటి మీద పడకుండా కూర్చోండి. లేచి చెదిరినా కూర్చున్న చోటు వదలకండి, చాలావరకు అవి మళ్లీ అక్కడికే వస్తాయి.

లంకమల అభయారణ్యంలోకి వెళ్లాలనుకుంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి. అంతకంటే ముందు ఆ చుట్టుపక్కల మేకలు కాసేవాళ్లను పలకరించండి. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో ఈ ప్రాంతంలోనే మళ్లీ దొరికిందంటే, అది ఇక్కడి మనుషుల చూపు వల్లనే కదా.

చీనీతోట (అనంతపురం)

పై మాటలన్నీ నిజమే. కెమెరా సంగతి నేను చెబుతాను. 70-300 లెన్సు ఈ పనికి తక్కువదేమీ కాదు. దూరం నుంచే తీయవచ్చు కాబట్టి బెదిరే రకాలకు మాక్రో కంటే ఇదే నయం. ఇంకా దగ్గరగా కావాలంటే లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబు ఒకటి కొనండి, అందులో గాజు ఉండదు కనుక ధర తక్కువ. షట్టరు వేగం 1/500 సెకను కంటే తగ్గనివ్వకండి, అపెర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్8 దగ్గర పెట్టండి, అందుకు కావలసినంతగా ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే శక్తి) పెంచండి. కొంచెం గరుకుదనం వస్తే వచ్చింది, మసక ఫొటోను మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది కోణంలో. రెక్కలు ముడిచి కూర్చున్నదాన్ని సరిగ్గా పక్క నుంచి తీయాలి. రెక్క తలం లెన్సు ముందు గాజుకు సమాంతరంగా ఉంటే ఆ చివర నుంచి ఈ చివర దాకా స్పష్టంగా వస్తుంది, ఏటవాలుగా ఉంటే ఒక మూలే వస్తుంది. ఇందుకోసం మోకాళ్ల మీదికి, ఒక్కోసారి బోర్లా పడుకునే దాకా దిగాలి. మంచి ఫొటో కోసం ఆగకుండా, కనిపించగానే దూరం నుంచే ఒకటి తీసి, రెండడుగులు వేసి ఇంకొకటి తీస్తూ వెళ్లండి. పైవైపు, అడుగువైపు రెండూ ఉంటేనే పేరు తేల్చడం సులువు.

మాది చీనీ (బత్తాయి) తోట. లైమ్ బటర్‌ఫ్లై కోసం నేను అడవికి వెళ్లిన రోజు లేదు. నారుమొక్కల లేత ఆకుల మీద ఆవగింజంత లేతపసుపు గుడ్డు, తరువాత పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు, పెద్దదయ్యాక ఆకుపచ్చ పురుగు, అన్నీ మడిలోనే దొరుకుతాయి. పెద్ద పురుగును పుల్లతో తాకితే తల వెనుక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి వచ్చి, ఒక ఘాటైన వాసన వేస్తుంది. రైతుగా మందు కొట్టక తప్పదు. అయినా ఏటా మడి చివర పది మొక్కలను వాటికే వదిలేస్తాను. మా ఇంట్లోవాళ్లకు ఈ లెక్క ఇప్పటికీ అర్థం కాలేదు. మీ పేరును బట్టి చూస్తే మిద్దె మీద కరివేపాకు చెట్టు ఉండే ఉంటుంది, ఈ పురుగులు దాని ఆకూ తింటాయి, ఒకసారి ఆకులు తిప్పి చూడండి.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

వేళ గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, నా ఉద్దేశంలో ఈ ఋతువులో అదే ముఖ్యం. సీతాకోకచిలుక ఒళ్లు వేడెక్కితే గాని ఎగరలేదు. మాఘమాసంలో పొద్దున ఏడున్నర మొదలు తొమ్మిదిన్నర దాకా అవి ఎండ కాచుకుంటూ కూర్చుంటాయి. పాన్సీలు రెక్కలు పూర్తిగా పరుస్తాయి, పసుపు రకాలు కొన్ని రెక్కలు ముడుచుకుని ఒక పక్కకు ఒరిగి ఎండకు చూపిస్తాయి. మీరు వెళ్లిన పదకొండు గంటలకు వాటికి శక్తి పూర్తిగా వచ్చేసి ఉంటుంది, మన శక్తి తగ్గిపోయి ఉంటుంది. సాయంత్రం నాలుగున్నర తరువాత రాత్రి మకాం కోసం వాలే చోటును గుర్తుపెట్టుకుంటే, మరునాటి ఉదయం వెతకవలసిన పని ఉండదు.

అభ్యాసానికి జిల్లేడు దగ్గర ప్లెయిన్ టైగర్‌ను ఎంచుకోండి. జిల్లేడు ఆకు తిని పెరిగిన పురుగు ఒంట్లో చేరిన చేదు వల్ల పిట్టలు దాని జోలికి పోవు, అందుకే అది తొందర లేకుండా తేలుతూ ఎగురుతుంది. కాని ఒక జాగ్రత్త: డానైడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం దాని వేషమే వేస్తుంది. వెనుక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్లచుక్కలు ఉంటే ప్లెయిన్ టైగర్, పైఅంచు దగ్గర ఒక్క మచ్చే ఉంటే ఎగ్‌ఫ్లై. దీని పిల్లలు తినేది గంగవాయిలి కూర.

కదలకుండా ఉంటాయని వాటిని పట్టి ఫ్రిజ్‌లో పెట్టి, తీసి పువ్వు మీద కూర్చోబెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. నాకు నేర్పిన ఒకాయనే అలా చేయడం చూసి ఆ సావాసం మానుకున్నాను. అలాంటి ఫొటోలో కాళ్లు పువ్వును పట్టుకుని ఉండవు, తెలిసినవారు ఇట్టే కనిపెడతారు.

మిద్దెతోట (కడప)

మూడు వారాల తరువాత రాస్తున్నాను. చీనీతోట గారు చెప్పినట్టే కరివేపాకు చెట్టు మీద నాలుగు పురుగులు దొరికాయి. ఒకటి ఆకుపచ్చ ప్యూపాగా (పురుగు రెక్కలు తొడిగే గూడుగా) మారి, నడుముకు పట్టుదారం కట్టుకుని కొమ్మకు ఆనుకుంది. నిన్న సాయంత్రం దాని గోడ పలచబడి లోపలి రెక్కల మచ్చలు కనిపించాయి. ఈ ఉదయం ఏడూ ఇరవైకి టీ గ్లాసుతో వెళ్లేసరికి అది అప్పటికే బయటికి వచ్చి, తడిసిన కాగితంలా ముడతలు పడిన రెక్కలతో ఖాళీ పెంకును పట్టుకుని వేలాడుతోంది. ముడతలు పోయి రెక్కలు చాపుకునే వరకు అంగుళం కూడా కదలలేదు. షట్టరు 1/500, ఎఫ్8, పక్క నుంచి సమాంతరంగా, అంతా మీరు చెప్పినట్టే చేశాను. రెక్కలు విప్పితే పైవైపు తీద్దామని ఎదురుచూస్తుండగా, విప్పడమూ పక్కింటి మిద్దె మీదికి ఎగిరిపోవడమూ ఒక్కసారే జరిగాయి. అడుగువైపు ఫొటోలు ముప్పై ఆరు ఉన్నాయి, పైవైపుది ఒక్కటీ లేదు.

ఒక అనుమానం మాత్రం మిగిలింది. రెండో ప్యూపా కుండీలో గుచ్చిన ఎండు కట్టెకు అంటుకుని గోధుమ రంగులో ఉంది. అది చచ్చిపోయిందంటారా?

చీనీతోట (అనంతపురం)

చావలేదండీ. పచ్చటి కొమ్మ మీద కడితే పచ్చగా, ఎండు కట్టె మీద కడితే గోధుమ రంగులో ఉంటుంది. ఆ కట్టెను కదపకండి, రోజూ సాయంత్రం గోడ పలచబడిందేమో చూడండి. ఈసారి కుర్చీని ఎండ వచ్చే వైపు వెన్ను ఉండేలా, కాస్త పక్కగా వేసుకోండి, పైవైపు కూడా దొరుకుతుంది.