ఎదుటివారిని తిట్టకుండా సర్పంచ్ ఎన్నికల ప్రచారం ఎలా చేయాలి?

మాది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. ఈసారి సర్పంచ్‌గా మా వదిన నిలబడుతోంది. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు కదా, అంతా మొహమాటాల మీదా చుట్టరికాల మీదా నడుస్తుంది. అవతల నిలబడేది కూడా మాకు వరసకు బాబాయే.

వాళ్ల తరఫువాళ్లు వదిన పుట్టింటి గురించి రామాలయం అరుగు మీద నానా మాటలూ అంటున్నారు. మా కుర్రాళ్లేమో వాళ్ల అబ్బాయి అప్పుల సంగతి ఆటో మైకులో చెప్పేద్దామంటున్నారు. వదిన ససేమిరా అంది. వ్యక్తిగత జీవితాల జోలికి పోవద్దని ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా చెబుతోంది. అదలా ఉంచితే, ఫలితం వచ్చిన మర్నాడు అందరం ఒకే గట్టు మీద నడవాలి.

చెప్పడానికి మాకు బోలెడుంది. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క. నాలుగు వానలు పడితే సార్వా (వానాకాలపు వరి) చేలో నీళ్లు దిగవు, మొన్న మా దుబ్బులు వారం రోజులు మునిగి, పట్టుకుంటే చేతికి ఊడొచ్చాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సాగు మానేసినప్పుడూ ఈ మురుగు గోడు ఉంది. కాలువ పూడిక పంచాయతీ ఒక్కదాని వల్ల అయ్యేది కాదని వదిన ఉన్నదున్నట్టు చెబుతానంటోంది. అలా చెబితే ఓట్లు పోతాయా?

ఇలా ప్రచారం చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. పుకార్లకు జవాబివ్వాలా, వదిలేయాలా? గడపగడపకూ వెళ్లినప్పుడు మొదట ఏం మాట్లాడారు? కుర్రాళ్లను ఎలా ఆపారు?