పాత కేబుల్ వైరులోనే నెట్ ఎందుకివ్వలేదు?

ప్రశ్న: తిరుపతి వీధుల్లో నల్ల కోయాక్సియల్ వైరు ఇంకా వేలాడుతూనే ఉంది. నెట్ కోసం ఆపరేటర్లు మళ్లీ ఫైబర్ (వెలుగుతో సిగ్నల్ మోసే గాజు పోగు) ఎందుకు లాగారండీ?

జవాబు 1: ఆర్‌జీ-6 రకం కోయాక్సియల్ వైరులో 550 మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకి సుమారు 16 డెసిబెల్స్ సిగ్నల్ పోతుంది. అందుకే దారిపొడవునా యాంప్లిఫయర్లు. ఒక్కోటీ సిగ్నల్‌తోపాటు రొదనీ పెంచుతుంది. పైగా ఆ యాంప్లిఫయర్లు చాలావరకు సిగ్నల్‌ని ఇంటివైపు మాత్రమే పంపేవే. నెట్‌కి తిరుగుదారి కావాలి కదా!

జవాబు 2: డిజిటైజేషన్, అంటే కేబుల్ టీవీని డిజిటల్‌కి మార్చడం, కూడా తోసింది. 2011లో చట్ట సవరణ, నాలుగో దశ గడువు 2017 మార్చి 31. ఎలాగూ ఖర్చు తప్పనప్పుడు ఫైబరే నయం.

జవాబు 3: ఒకే ఫైబర్ పోగులో నెట్ 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న వెలుగులో దిగుతుంది, 1310లో ఎక్కుతుంది, టీవీ 1550లో వస్తుంది. ఇంటి దగ్గర వెలుగు బలం కొలిచే మీటరు మైనస్ 27 డీబీఎం (ఆ బలానికి కొలమానం) దాటి పడిపోతే లైను నిలవదు. ముందు కనెక్టర్ చూడండి: పచ్చదాని కొన 8 డిగ్రీల వాలు, నీలం దానికి ఆ వాలుండదు. రెండూ జతచేస్తే కొనలు సరిగ్గా ఆనవు.