బాండ్లు ఎవరు కొన్నారో మనకి తెలియాలా వద్దా?

నిలువుటద్దం: ఎలక్టోరల్ బాండ్లని (పేరు బయటపడకుండా పార్టీలకి విరాళమివ్వడానికి బ్యాంకులో కొనే పత్రాలు) 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది, ఐదుగురు జడ్జీలదీ ఒకే మాట. అయినా ఇక్కడ ఇంకా "స్కీమ్ మంచిదే" అనేవాళ్ళున్నారు. ఎలా మంచిదో చెప్పండి, వింటా.

కాంట్రాక్టర్_బాబాయ్: ఆ అన్నది నేనే. బ్యాంకులోంచి పోయిన డబ్బు, కేవైసీ ఉన్న డబ్బు. ముందు సంచుల్లో పోయేది, అప్పుడెవరికీ నొప్పెయ్యలేదు.

నిలువుటద్దం: సంచులు ఆగాయని ఎవరు చెప్పారండీ? 2017 ఫైనాన్స్ యాక్ట్ చూడండి. అంతకుముందు కంపెనీ తన మూడేళ్ళ సగటు లాభంలో 7.5 శాతం మించి పార్టీలకి ఇవ్వకూడదు. అది ఎత్తేశారు. కోర్టు కొట్టేసేదాకా నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇచ్చుకోగలిగేది. నష్టాల్లో ఉండి దానం చేసేదెవడు?

లెక్కల_మాస్టారు: 7.5 అనేది 2013 కంపెనీల చట్టంతో వచ్చింది. అంతకుముందు 5 శాతం.

నిలువుటద్దం: మాస్టారూ, పాయింటు అది కాదు.

లెక్కల_మాస్టారు: తప్పనలేదు, సగమే రాశారన్నా.

వెన్నెల: ఓటుకి కవరు తీసుకునేది మనం, తిట్టేది కంపెనీల్ని 🙂

కాంట్రాక్టర్_బాబాయ్: బాగా చెప్పావమ్మా. పెద్ద రాష్ట్రాల్లో ఎంపీ అభ్యర్థి ఖర్చుకి 95 లక్షలు లిమిట్, పార్టీ ఖర్చుకి అసలు లిమిటే లేదు. ఆ డబ్బు ఆకాశంలోంచి ఊడిపడుతుందా?

నిలువుటద్దం: ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ ఒక్కటే 1,368 కోట్ల బాండ్లు కొంది. వాళ్ళని మీరు వెనకేసుకొస్తున్నారంటే, ఎక్కువ ముట్టిన పార్టీ మీ పార్టీ అయ్యుంటుంది, అంతే.

కాంట్రాక్టర్_బాబాయ్: నోరు జాగ్రత్త. నా సంగతి తెలుసా నీకు? ఒక పార్టీకి చెక్కు రాశా, పద్ధతిగా, 20 వేలు దాటితే ఎన్నికల సంఘానికి లిస్టు ఇస్తారు కదా అందులో నా పేరెక్కింది, ఆ పార్టీ ఓడింది, ఇంక చూస్కో రెండేళ్ళు నా రోడ్డు బిల్లు కదల్లేదు, ఆఫీసుకెళ్తే గుమాస్తా నా ఫైలు మీదే టీ గ్లాసు పెట్టుకుని తాగేవాడు, ఆ గుండ్రటి మరకలు లెక్కపెడుతూ కూర్చునేవాణ్ణి, కూలీలకి ఇవ్వడానికి మా ఆవిడ గాజులు తాకట్టుకెళ్ళాయి. పేరు బయటపడితే ఏమవుతుందో నన్నడుగు.

వెన్నెల: అయ్యో బాబాయ్.

నిలువుటద్దం: పార్టీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒకటి చూడండి. బాండు మీద మామూలు కంటికి కనపడని నంబరు ఉండేది, అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే కనిపిస్తుంది. అమ్మింది ఎస్‌బీఐ ఒక్కటే, అదేమో ప్రభుత్వ బ్యాంకు. ఎవరు కొన్నారో లెక్క చెప్పమని కోర్టు అంటే జూన్ 30 దాకా టైమ్ కావాలంది, మార్చి 11న కోర్టు కుదరదనేసరికి మర్నాడే ఇచ్చేసింది. తర్వాత నంబర్లూ వచ్చాయి, ఎవరు ఎవరికిచ్చారో జతపడింది. అంటే పైవాళ్ళు తెలుసుకోవాలంటే దారుంది, ఓటేసే నాకు మాత్రం లేదు. మరి ఎవరి దగ్గర దాచినట్టు?

కాంట్రాక్టర్_బాబాయ్: నా బిల్లు ఆపింది రాష్ట్రం. బ్యాంకు కేంద్రానిది. ఇక్కడోళ్ళకి తెలీకపోతే నాకు చాలు.

నిలువుటద్దం: కేంద్రంలో ఉన్నవాళ్ళకి తెలిసినా పర్లేదా?

కాంట్రాక్టర్_బాబాయ్: వాళ్ళు నా బిల్లు ఆపరుగా.

నిలువుటద్దం: అదే నేను మొదట్నుంచీ అంటోంది!

లెక్కల_మాస్టారు: బాబాయ్, 20 వేల లోపు ఇచ్చుంటే లిస్టులో మీ పేరే వచ్చేది కాదు.

కాంట్రాక్టర్_బాబాయ్: 20 వేలు అడిగిందెవరు మాస్టారూ.