వార్డులో ఆటలమ్మ: ఎవరిని, ఎన్ని రోజులు దూరం పెట్టాలి?

మద్దిలపాలెం నర్సు (మార్చి 10, ఉదయం)

మాది 60 పడకల ప్రైవేటు ఆసుపత్రి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ పని నాకు అప్పజెప్పి నాలుగు నెలలైంది. శనివారం, 7వ తేదీ సాయంత్రం ఒకావిడ జ్వరంతో ఫిమేల్ మెడికల్ వార్డులో చేరింది. సోమవారం పొద్దున ఒళ్లు తుడుస్తుంటే వీపు మీద నీటి పొక్కులు కనిపించాయి. వాళ్లత్తగారు చూసి "అమ్మవారమ్మా, పేరెత్తకండి" అని దిండు కింద వేపాకు పెట్టింది. డాక్టరు గారు చూసి ఆటలమ్మే అన్నారు. సాయంత్రానికి పక్క గదిలోకి మార్చాం.

వార్డులో ఇంకా 14 మంది ఉన్నారు. ఒకామెకు ఏడో నెల, ఒకామె కీమో తీసుకుంటోంది. స్టాఫ్‌లో ఇద్దరు అమ్మాయిలు చిన్నప్పుడు తమకు రాలేదంటున్నారు. పైవాళ్లేమో ఫాగింగ్ (వార్డంతా మందు పొగ కొట్టడం) చేయిద్దాం, ఎవరికీ చెప్పొద్దు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

రిటైర్డ్ హెడ్ సిస్టర్, పెదవాల్తేరు

అమ్మా, ముందు ఒక కాగితం తీసుకుని తేదీలు రాసుకో. పొక్కులు రావడానికి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది. అంటే ఆవిడ వార్డులో అడుగుపెట్టిన శనివారం నుంచి గది మార్చిన సోమవారం సాయంత్రం దాకా ఆ గాలి పీల్చిన ప్రతి ఒక్కరి పేరూ కావాలి. పేషెంట్లు, అటెండెంట్లు, నైట్ డ్యూటీ వాళ్లు, టిఫిన్ తెచ్చే కుర్రాడు, ఎక్స్‌రేకి తీసుకెళ్లిన వార్డుబాయ్. ఎవరినీ వదలొద్దు. ఆదివారం డిశ్చార్జ్ అయినవాళ్లుంటే వాళ్లను మొదటి వరసలో రాయి.

ఆ ఇద్దరమ్మాయిలకు ఇవాళే రక్తం తీసి, ఒంట్లో ఈ జబ్బుకు రక్షణ ఉందో లేదో చెప్పే ఐజీజీ పరీక్షకు పంపు. రాలేదని చెప్పేవాళ్లలో కొందరికి రక్షణ ఉన్నట్టే తేలుతుంది, వాళ్లు డ్యూటీ చేసుకోవచ్చు. లేదని తేలితే డాక్టరు గారితో మాట్లాడి టీకా వేయించు. మూడు రోజుల్లోపు మేలు, ఐదు రోజుల దాకా వేస్తారు, కాబట్టి 12 దాటనివ్వకు. టీకా వేసినా సరే, 15 నుంచి 30 వరకు వాళ్లు డ్యూటీకి రాకూడదు. మొదట సోకే అవకాశం ఉన్న రోజు నుంచి ఎనిమిదో రోజు, చివరి రోజు నుంచి ఇరవై ఒకటో రోజు, ఇదీ లెక్క. ఆ పదహారు రోజుల జీతం కోయొద్దని పైవాళ్లతో గట్టిగా చెప్పు. జీతం పోతుందంటే ఏ అమ్మాయీ జ్వరం సంగతి బయటపెట్టదు.

గర్భిణికీ కీమో ఆవిడకూ ఆ టీకా వేయకూడదు, అది బతికున్న వైరస్‌తో చేసింది. వాళ్లకు రక్షణ లేదని తేలితే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఉంది, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీలు. పది రోజుల్లోపు, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. అది దొరక్కపోతే ఏడో రోజు నుంచి ఎసైక్లోవిర్ మాత్రలు ఇస్తారు. ఇవి డాక్టరు గారు తేల్చాల్సినవి, కానీ గుర్తుచేయాల్సింది నువ్వు.

ఫాగింగ్ డబ్బు దండగ. నేల తుడవడం మామూలుగా సాగనివ్వు, అయితే ఇది గాలిలో పాకే జబ్బు. మధ్యాహ్నం మనకు సముద్రం గాలి కొడుతుంది కదా, ఆ పక్క గది కిటికీ సముద్రం వైపుంటే గదిలో గాలంతా తలుపు సందులోంచి వార్డులోకి వస్తుంది. తలుపు వేసి, బయట కింద సందు దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకో. పొగ గదిలోకి పోవాలి. వార్డు వైపు వస్తే కిటికీకి గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించు. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా ఆవిడ ఆ గదిలోనే ఉండాలి. జబ్బు ఒకసారి వచ్చి పోయినవాళ్లే ఎన్95 మాస్కు వేసుకుని లోపలికి వెళ్లాలి. వేపాకు జోలికి వెళ్లకు. ఆ అత్తగారిని కసిరితే కోడల్ని ఇంటికి తీసుకుపోతుంది, అక్కడ చంటిపిల్లలుంటారు.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను కొత్తగా వార్డు ఇన్‌చార్జ్ అయినప్పుడు ఇలాగే వచ్చింది. రెండు వారాలు చూసి, ఇంకేం లేదని లిస్టు మడిచి సొరుగులో పెట్టేశాను. పద్దెనిమిదో రోజున ఒక వార్డుబాయ్ మొహం మీద పొక్కులు లేచాయి. అప్పటికి అతన్ని లేబర్ రూమ్‌కి వేశారు. ఆ రోజు అక్కడున్న తల్లుల మొహాలు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఆడుతుంటాయి. పద్నాలుగు దగ్గర ఆపకు తల్లీ.

ల్యాబ్ టెక్నీషియన్, గాజువాక

సిస్టర్ గారు చెప్పిందంతా నిజం. ఐజీజీకి చాలా ల్యాబులు శాంపిల్స్ కూడేదాకా ఆగి ఒకేసారి పెడతాయి. పంపేముందు ఫోన్ చేసి, గర్భిణి శాంపిల్ అని చెప్పి, రిపోర్టు ఏ రోజు ఇస్తారో అడిగి రాసుకోండి.

అనకాపల్లి నుంచి ఒక పేషెంట్ కొడుకు

చెప్పొద్దు అన్న మాట దగ్గర ఆగిపోయాను. రెండేళ్ల క్రితం మా నాన్న ఉన్న వార్డులో ఇలాగే జరిగితే మాకెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆయనకు వచ్చింది, తర్వాత నెలలు నిండిన మా చెల్లికి. ముందే తెలిస్తే చెల్లిని అత్తారింటికి పంపేవాళ్లం. దయచేసి చెప్పండమ్మా. భయపడతాం, నిజమే. కానీ జాగ్రత్త కూడా పడతాం.

మద్దిలపాలెం నర్సు (మార్చి 10, రాత్రి)

సిస్టర్ గారూ, ఆదివారం ఇద్దరు డిశ్చార్జ్ అయ్యారు. నాకు అసలు తట్టలేదు. ఒకావిడది ఉద్దానం, కిడ్నీ పేషెంట్, సోంపేటలో డయాలసిస్‌కి వెళ్తుంది. ఫోన్ చేస్తే రేపే వెళ్లాలంది. ఇంకొకామెకు చిన్నప్పుడే వచ్చిందట. మేడమ్ ఈ పోస్టు చదివి అటెండెంట్లందరినీ పిలిచి తానే చెప్పారు. ఒక్కరే డిశ్చార్జ్ అడిగారు. పొగ వార్డు వైపే వచ్చింది, రేపు ఫ్యాన్ బిగిస్తారు.

రిటైర్డ్ హెడ్ సిస్టర్, పెదవాల్తేరు

రేపు ఆవిడ డయాలసిస్‌కి వెళ్లొచ్చు, ఇంకా అంటించే రోజులు రాలేదు. కానీ పొద్దున్నే సోంపేట సిస్టర్లకు ఫోన్ చెయ్యి. 15 నుంచి ఆమెకు వేరే గది, లేదా అందరూ వెళ్లాక చివరి షిఫ్టు ఇవ్వమను. ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ విషయం వాళ్ల డాక్టరుతో మీ డాక్టరు గారిని మాట్లాడమను. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులో జబ్బుల మీద కన్నేసి ఉంచే సర్వైలెన్స్ వాళ్లకూ ఒక మాట చెప్పండి. ఆవిడకు ఇంజెక్షన్ ఇస్తే గడువు ఇరవై ఎనిమిది రోజులవుతుంది. ఆదివారమే వెళ్లిపోయింది కాబట్టి ఆ రోజు నుంచి లెక్కేసి, ఆమె పేరు పక్కన మార్చి 29 కాదు, ఏప్రిల్ 5 అని రాసుకో.