మొదటి లాంగ్ రేసే సోలోగా వెళ్లడం ధైర్యమా, మొండితనమా?

యారాడ_మలుపు:
అందరికీ నమస్తే. మద్దిలపాలెంలో ఉంటాను, రెండేళ్లుగా మౌంటెన్ బైక్ తొక్కుతున్నాను. ఆదివారాలు సింహాచలం ఘాట్, లేదంటే యారాడ కొండ, ఓపిక ఉంటే భీమిలి దాకా. హిమాలయాల్లో ఐదారు రోజులు సాగే రేసుకి పేరిద్దామనుకుంటున్నాను. మా బావమరిది జంట కేటగిరీలో వెళ్దాం అంటాడు. నాకేమో సోలోగానే వెళ్లాలని ఉంది. 'కొండల్లోకి ఒక్కడివే ఏటిరా?' అని అమ్మ రోజూ అన్నం దగ్గరే మొదలెడుతోంది. మొహమాటం లేకుండా చెప్పండి.

చైన్_తుప్పు:
సోలోనే. జంటగా వెళ్తే వెనకబడినవాడి టైమే ఇద్దరి టైమూ. దక్షిణాఫ్రికాలో కేప్ ఎపిక్ అని 2004 నుంచి జరుగుతోంది. ఎనిమిది రోజులు, ఇద్దరిద్దరి జట్లు. ఇద్దరి మధ్య రెండు నిమిషాలకి మించి తేడా వస్తే పెనాల్టీ. వినడానికి బాగానే ఉంటుంది. మూడో రోజు మీకు తొడ పట్టేసిందనుకోండి, అతను పై మలుపులో ఆగి చూస్తుంటాడు. ఏమీ అనడు. ఆ ఏమీ అనకపోవడమే చంపుతుంది. పైగా బావమరిది! రేసు వారంలో అయిపోతుంది, సంక్రాంతికి మళ్లీ ఒకే బంతిలో కూర్చోవాలి.

పాత_గేరు:
తుప్పు గారితో నేను ఒప్పుకోను. నా అనుభవం చెబుతాను. మూడేళ్ల కిందట డిసెంబరులో శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఎక్కాను, ఒక్కణ్ణే. ఎక్కడం బాగానే అయింది. దిగేటప్పుడు రోడ్డు వదిలి కాఫీ తోటల పక్కన మట్టి దారి పట్టాను. రాయి ఎగిరి వెనక డిరైలర్‌కి, అంటే గేర్లు మార్చే భాగానికి తగిలింది, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో తెలుసు. చైన్ తెంపి, పొట్టి చేసి, ఒకే గేరు మీద ఇంటికి రావాలి. చైన్ తెంపే టూల్ ఉంది, తెంపిన చైన్ కలిపే క్విక్ లింకూ ఉంది. తీరా చూస్తే అది 10 స్పీడ్‌ది, అంటే వెనక పది పళ్ల చక్రాలున్న బండిది, నా చైన్ 11, సరిపోదు. పోనీ పిన్నే మళ్లీ నొక్కుదామంటే చేతులు వణుకుతున్నాయి. నాలుగు గంటలుగా ఉప్పు, తిండి లేకుండా ఉత్త నీళ్లే తాగుతున్నాను మరి. పిన్ను కాస్తా జారి గడ్డిలో పడింది. ఎర్రమట్టిలో వేళ్లు పెట్టి అరగంట వెతికాను. బ్యాగులో రెండు అరటిపళ్లు ఉన్నాయన్న సంగతి ఆ అరగంటలో ఒక్కసారీ గుర్తురాలేదు! పక్కన ఇంకో మనిషి ఉంటే ఏమనేవాడు? 'ముందు కూర్చో, తిను' అనేవాడు. అంతే కదా. చివరికి కాఫీ పళ్ల బస్తాలతో దిగుతున్న ఆటో ఎక్కించుకుంది. కాళ్ల సంగతి కాదండీ, ఆకలేసినప్పుడు సొంత బుర్ర పనిచేయదు. రెండో బుర్ర పక్కన ఉండాలి.

చైన్_తుప్పు:
గేరు గారూ, మీరు చెప్పిన దాంట్లో తప్పు సోలోది కాదు, లింకుది. జంటగా వెళ్లినా ఇద్దరూ 10 స్పీడ్ లింకే పట్టుకెళ్లి ఉంటే?

పాత_గేరు:
అప్పుడు కనీసం తిట్టుకోవడానికి ఒకరుండేవారు.

అప్పూఘర్_కెరటం:
మీ ఇద్దరూ రెండు వేర్వేరు విషయాలు కలిపేస్తున్నారు. గేరు గారిది రేసు కాదు, ప్రాక్టీసు. రేసులో దారి పొడుగునా గుర్తులు, మార్షళ్లు, అంబులెన్సు ఉంటాయి. మీరు రాకపోతే వెతికేవాళ్లుంటారు. ప్రాక్టీసులో ఎవరుంటారు? నేను ఆడమనిషిని, తెల్లవారుజామున నాలుగింటికి రుషికొండ దాటి ఒక్కదాన్నే వెళ్లను. ధైర్యం లేక కాదు, వెనకే నెమ్మదిగా వచ్చే బండి ఎవరిదో ఆలోచిస్తూ తొక్కితే అది ట్రైనింగ్ అవదు. అందుకే ప్రాక్టీసుకి నలుగురితో వెళ్తాను, రేసుకి మాత్రం సోలోగానే పేరిస్తాను. మన వాళ్లు సరిగ్గా దీనికి తిరగేసి చేస్తున్నారు. ఇంకోటి, వైజాగ్ చెమటకి మోసపోకండి. ఇక్కడ జెర్సీ పిండితే నీళ్లు కారుతాయి కాబట్టి తాగాలని గుర్తుంటుంది. పైన చలిలో చెమట తెలియదు, దాహమూ వెయ్యదు. గంటకోసారి అలారం పెట్టుకుని తాగడం, తినడం ఇక్కడే అలవాటు చేసుకోండి. నేను ఉప్పేసిన మజ్జిగ, ఖర్జూరాలతో లాగిస్తాను.

మూడో_బాటిల్:
అసలు సోలో అంటే ఏంటో తేల్చుకోకుండా కొట్టుకుంటున్నాం. అమెరికాలో 24 గంటల మౌంటెన్ బైక్ రేసులు మొదట్లో నలుగురి రిలే జట్లకే ఉండేవి. 1996లో జాన్ స్టామ్‌స్టాడ్ అనే ఆయన తన పేరునే నాలుగు రకాలుగా రాసి, నలుగురి జట్టని చెప్పి, మొత్తం ఒక్కడే తొక్కాడు. మహానుభావుడు. అయితే అలాంటి, ఒకే చుట్టు మళ్లీ మళ్లీ తిరిగే ల్యాప్ రేసుల్లో సోలో వాళ్లకి దారి పక్కన ఆగే చోట, అంటే పిట్‌లో మనుషులు ఉండొచ్చు. ఒకరు బాటిల్ అందిస్తే ఇంకొకరు చైన్‌కి నూనె వేస్తారు. రెండు కాళ్లు, ఆరు చేతులు అన్నమాట. టూర్ డివైడ్ అనే రేసు అలా కాదు. కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా దాదాపు 4,400 కిలోమీటర్లు. దారిలో అందరికీ దొరికే కొట్టు, లాడ్జి వాడుకోవచ్చు గానీ సొంత మనుషుల సాయం పనికిరాదు. యారాడ గారూ, మీ రేసులో రాత్రికి క్యాంపు, వండిన అన్నం, మెకానిక్ ఉంటారా? ఉంటే అమ్మగారికి చెప్పండి, పగలు ఒక్కడివే గానీ రాత్రి వందమందితో భోజనం అని.

పాత_గేరు:
బాటిల్ గారి లెక్క సరే. కానీ మెకానిక్ ఉండేది సాయంత్రం క్యాంపులో. నా పిన్ను పడింది పగలు పదకొండింటికి. మొదటి రేసుకి జంటే మంచిదని ఇప్పటికీ అంటాను.

యారాడ_మలుపు:
క్యాంపు, భోజనం, మెకానిక్ అన్నీ ఉన్నాయి. అమ్మకి అదే మాట చెప్పాను. 'వందమందిలో నీకు పెరుగన్నం కలిపిచ్చేదెవరు' అంది. బావమరిదికి ఫోన్ చేసి, నేను సోలోగా పేరిస్తున్నా, నువ్వూ సోలోగానే ఇవ్వు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. 'నన్ను వదిలేసి వెళ్లిపోతావా బావా' అన్నాడు. వాడే నాకన్నా స్పీడు, అదీ సంగతి. ప్రాక్టీసు మాత్రం కలిసే చేస్తాం. ఈ ఆదివారం తెల్లవారుజామున యారాడ కొండ ఐదుసార్లు ఎక్కాలని. గేరు గారూ, వీలుంటే మీరూ రండి. 11 స్పీడ్ లింకులు నాలుగు కొంటున్నాను.

పాత_గేరు:
వస్తాను. ముందు మీ క్యాసెట్‌లో పళ్ల చక్రాలు లెక్కపెట్టుకోండి, 12 అయి ఉంటుంది.